ఆదివారం మ్యాచ్, ఆగిపోయే పెట్టె

ముందు ఆ పెట్టె ఎలా ఉంటుందో రాయి. లేకపోతే చదివేవాళ్లు నేనేదో టీవీ గురించి చెబుతున్నాననుకుంటారు.

మాది భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. నా కొడుకు గనిలోకి దిగి పనిచేస్తాడు. నువ్వు వాడి కూతురివి. ఇది రాస్తున్నదీ నువ్వే, ఇందులో ఏడ్చిందీ నువ్వే. కాబట్టి నీకు నచ్చని చోట మాటలు మింగేయకు. తర్వాత చదివించుకుని వింటాను.

ఆ పెట్టె ఆటల కంప్యూటరు. మామూలుది కాదు. జనగామలో ఫోటో స్టూడియో వాళ్లకు పెళ్లి వీడియోలు కూర్చి ఇస్తూ, ఏడాదిన్నర పాటు ఒక్కో సామాను తెప్పించుకుని, నీ చేత్తో నువ్వే బిగించుకున్నావు. ఒక పక్క మొత్తం గాజు. లోపల ఆరు ఫ్యాన్లు, ఒక్కోటి ఒక్కో రంగులో వెలుగుతుంది. ముందు వైపు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగుతాయి, వెనక ఫ్యాను బయటికి తోస్తుంది. రెండు నల్లటి గొట్టాల్లో నీళ్లు తిరుగుతూ ఆ పెట్టె బుర్రను చల్లబరుస్తాయి. లోపల నీళ్లు తిరుగుతాయని నువ్వు చెప్పినరోజు నాకెంత సంతోషమైందో! తొర్రూరులో మీ తాత, నేను పిండి గిర్ని నడిపిన రోజుల్లో మొదట డీజిల్ ఇంజనే ఉండేది, దానికీ నీళ్ల తొట్టి ఉండేది. తొట్టిలో నీళ్లు తగ్గితే ఇంజను పొగలు కక్కేది. ఇది మన ఇంజనుకు మనవరాలు అనుకున్నాను.

ఇక ఆట సంగతి. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు, తుపాకులతో కాల్చుకుంటారు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడతారు. మీ జట్టుకు నువ్వే పెద్దదానివి. ఆ ఆదివారం పొద్దున పదకొండింటికి మీకు పోటీ. గెలిస్తే హైదరాబాదులో జనం ముందు స్టేజీ మీద ఆడొచ్చు. ఓడితే ఈ ఏటికి అంతే. మధ్యలో ఒకరి కంప్యూటరు ఆగిపోతే వాళ్ల కోసం ఆట ఆపరు, వేరే మనిషిని పెట్టుకోనివ్వరు. మిగిలిన నలుగురే ఆ ఐదుగురితో కొట్లాడాలి. ఇవన్నీ నాకు నువ్వు చెప్పినవే, తప్పుంటే నీదే.

బుధవారం మధ్యాహ్నం నేను వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మీ అమ్మ తన చెల్లెలి కాన్పుకని జనగామ పోయి నాలుగు రోజులైంది, వంట నాదే. లోపల నువ్వు ఆట సాధన చేస్తున్నావు. ఉన్నట్టుండి కేక.

"సచ్చింది!"

చిక్కుడుకాయల చేట కిందపడింది.

"ఎవలు సచ్చిండ్రే?"

"కంప్యూటర్ నాయినమ్మా! మల్ల ఆగింది!"

లోపలికి వచ్చి చూస్తే తెర నల్లగా ఉంది. పక్కన నీ ఫోనులోంచి మీ జట్టు పిల్ల అరుస్తోంది. నెల్లికుదురు దగ్గర తండా పిల్ల. ఇంట్లో కంప్యూటరు లేదు, బస్సెక్కి తొర్రూరు వచ్చి నెట్ షాపులో కూర్చుని ఆడుతుంది. జట్టులో అందరికన్నా గురి దానిదే అని నువ్వే అంటావు.

"అక్కా, ఏడికి పోయినవ్? నిలబడ్డకాడనే నిలబడ్డవ్! వాడొచ్చి సప్పుడు చెయ్యకుంట కాల్చి పోయిండు!"

"నా మిషన్ బంద్ అయింది చెల్లె."

"గిదే ఆదివారం అయితే ఏం గతి?"

పెట్టె దానంతట అదే మళ్లీ వెలిగింది. మళ్లీ ఆడావు. ఈసారి ఆగలేదు గానీ నడక మారింది. తెరమీద నీ మనిషి నాటు వేసిన మడిలో నడిచినట్టు అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. తెర మూలన ఒక పచ్చ అంకె ఉంటుంది, సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చెబుతుంది. నూట నలభై ఉండాల్సింది ముప్పైకి పడిపోయింది. ముప్పై కూడా నాకు చాలానే అనిపించింది, కానీ నీ ముఖం చూసి ఊరుకున్నాను.

గురువారం పొద్దంతా నువ్వు సాఫ్ట్‌వేర్ మీద పడ్డావు. ఒకటి తీసేశావు, ఒకటి కొత్తది వేశావు, చివరికి మొత్తం తుడిచి మళ్లీ మొదటినుంచి ఎక్కించావు. అన్నం మూడుసార్లు చల్లారింది. సాయంత్రం మళ్లీ అదే కథ. అప్పుడు నువ్వు సామాను కొన్న షాపతనికి ఫోను చేశావు. స్పీకరు పెట్టావు కాబట్టి నేనూ విన్నాను.

"చెల్లె, గ్రాఫిక్స్ కార్డే పోయినట్టుంది. తీస్కొని రా, సూస్త."

"ఎన్ని రోజులు పడ్తది అన్నా?"

"కంపెనీకి పంపాలె. పది పదిహేను రోజులు అనుకో."

"ఆదివారం మ్యాచ్ ఉంది అన్నా!"

"అట్లయితే లాప్‌టాప్ ఏదన్న అడుక్కో చెల్లె."

ఫోను పెట్టేసి నువ్వు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నావు. ఏడవలేదని ఇప్పుడు రాయకు. దిండు గలీబు నేనే ఉతికాను.

నాకు మాత్రం ఆ షాపతని మాట నచ్చలేదు. చూడకుండా ఎలా చెప్పాడు? గిర్ని ఆగినప్పుడల్లా మోటారు కాలిపోయిందనే మెకానిక్కులను నేను చాలామందిని చూశాను. కానీ ఈ పెట్టె గురించి నాకేం తెలుసు? నాకు తెలిసిన పని ఒక్కటే ఉంది, అది మర్నాడు పొద్దున చేశాను.

ప్రతి శుక్రవారం నేను ఇల్లంతా సాంబ్రాణి ధూపం పడతాను కదా. దేవుడి పటాలు, బియ్యం డ్రమ్ము, కుట్టుమిషను, మీ నాన్న బండి. అన్నం పెట్టే వస్తువుకు ధూపం పట్టడం మా అత్తగారి నుంచి వచ్చిన అలవాటు. గిర్నిలో ఉన్నప్పుడు మోటారుకూ పట్టేదాన్ని. నీ పెట్టె ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ దానికీ పడుతున్నాను. నువ్వు శుక్రవారం ఆ వేళకు నిద్రలో ఉంటావు, నీకు తెలియదు. మిగతా వస్తువుల ముందు పొగ పైకి పోతుంది. దీని ముందు పెడితే సర్రున లోపలికి పోతుంది! మొదటిసారి చూసి చేతులెత్తి మొక్కాను. ఇంత ఇష్టంగా ధూపం తీసుకునే వస్తువును నా జన్మలో చూడలేదు. రాత్రంతా ఏదో వీడియో ఎక్కిస్తూ పెట్టె తిరుగుతూనే ఉండేది కదా, ఫ్యాన్లు ఆగేవి కావు.

ఆ శుక్రవారం పెట్టెకు బాగోలేదని పిడికెడు సాంబ్రాణి ఎక్కువ వేశాను. ధూపం పళ్లెం ముందు పెట్టుకుని పీట మీద కూర్చుని, తగ్గిపో తల్లీ, ఆదివారం దాకా నిలబడు అని చెప్పుకున్నాను. ఆ రాత్రి కూడా నువ్వు పెట్టె ఆపలేదు, అది పొగ మొత్తం పీల్చుకుంది.

పది గంటలకు నువ్వు లేచి ఆట పెట్టావు. ముందురోజు ఇరవై నిమిషాలు ఆడనిచ్చిన పెట్టె, ఆ రోజు పది నిమిషాలకే మడిలో దిగింది.

అప్పుడు నాలో గిర్ని మనిషి నిద్రలేచింది.

"బిడ్డా, గిది ఎట్ల ఆగుతది? మెల్లమెల్లగ నీరసపడి ఆగుతదా, టప్పున ఆగుతదా?"

"రెండు తీర్ల నాయినమ్మా. ఒక్కోపారి మెల్లగయితది. ఒక్కోపారి టక్కున నల్లగయి మల్ల మొదట్నుంచి లేస్తది."

"అయితే రోగం ఒక్కటి కాదే. రెండు."

నువ్వు తలతిప్పి నన్ను చూశావు. నీకు నమ్మకం లేదు, కానీ వేరే దిక్కూ లేదు.

"నీకెట్ల తెలుసు?"

"గిర్ని మెల్లగ అయిందంటే పట్టా జారుతున్నట్టు, లేకుంటే మోటరు కాగినట్టు. టప్పున ఆగిందంటే కరెంటు కాడ ఏదో ఉన్నట్టు. రెండు ఒక్కపారే ఎతుకకు. ముంగట మెల్లగయ్యేది సూడు. గీ పెట్టె కాగుతదా?"

"ప్రాసెసర్ వేడి చూపెట్టే ప్రోగ్రాం ఉంది."

"పెట్టరాదు మరి!"

పెట్టావు. పెట్టె ఊరికే ఉన్నప్పుడు అరవై డిగ్రీలు ఉంది. ఆట మొదలుపెట్టగానే డెబ్బై, ఎనభై, తొంభై. నేను అంకెలు చదువుతుంటే నువ్వు ఆడుతున్నావు. తొంభై ఎనిమిది అని నేను అనగానే పచ్చ అంకె ధబ్బున ముప్పైకి పడింది. ఇద్దరం ఒక్కసారే అరిచాం. కాగిపోయి, తనను తాను కాపాడుకోవడానికి అదే నడక తగ్గించుకుంటోందట. ఎంత తెలివైన పెట్టె! మన ఇంజనుకు ఆ తెలివి లేకనే కదా రెండుసార్లు పట్టేసింది.

ప్లగ్గు పీకి, పెట్టె ముందు మూత ఊడదీశావు. దాని వెనక సన్నటి జాలీ ఉంటుంది, దుమ్ము పోకుండా. జాలీ కనబడలేదు. నల్లటి గొంగడి ముక్క లాంటిది కనబడింది. దాని వెనక నీళ్ల గొట్టాలు వచ్చి కలిసే రేకుల గూడు, ఆ రేకుల సందులు కూడా మూసుకుపోయి ఉన్నాయి.

"బొగ్గు దుమ్ము!" అన్నావు నువ్వు. "బాపు బట్టల మీద వచ్చేదంత దీంట్లకే పోయింది."

నేను వేలు పెట్టి రాశాను. ఉత్త దుమ్మయితే రాలిపోవాలి. ఇది వేలికి జిగటగా అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

సాంబ్రాణి.

పెట్టె వచ్చినప్పటి నుంచి అన్ని శుక్రవారాల ధూపం ఆ జాలీకి పట్టుకుని, దాని జిగటకు బొగ్గు దుమ్ము అంటుకుని, పెట్టె ముక్కు మూసేసింది. నేను ఆ వేలును చీర కుచ్చిళ్లకు తుడుచుకున్నాను. రాయి, దాచకు. మనవరాలి ముందు తప్పు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

మూడు దాటాక మొదటి షిఫ్టు ముగించుకుని మీ నాన్న వచ్చాడు. నువ్వు గుమ్మంలోనే ఆపేశావు.

"బాపు, ఆడనే ఆగు! లోపటికి రాకు!"

"ఏందే, ఏమైంది?"

"నీ బట్టల దుమ్ముకు నా కంప్యూటర్ ఊపిరాడక సస్తుంది. బయటనే దులుపుకో."

గనిలో స్నానం చేసే వచ్చినవాడు, అయినా గేటు దగ్గర చొక్కా విప్పి పదిసార్లు దులిపాడు. బనీనుతో వీధిలో నిలబడి, ప్యాంటు కాళ్లు కూడా తట్టుకున్నాడు. ఎదురింటాయన "ఏమన్నా, ఇంట్లకు రానిస్తలేరా?" అని నవ్వాడు. వీడూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

శనివారం పొద్దున ఇద్దరం పనిలో దిగాం. జాలీని సర్ఫు నీళ్లలో నానబెట్టాం. నువ్వు ఎండలో పెడతానంటే నేను వద్దన్నాను, ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది, నీడన ఆరనియ్యి అని. మందుల షాపు నుంచి స్పిరిట్ తెప్పించి, మెత్తటి బ్రష్షుతో రేకుల సందులు ఒక్కొక్కటీ తోమాం. మధ్యాహ్నం మూలమీద బండ్ల మెకానిక్కు దగ్గర గాలి కొట్టే మిషను అడిగి తెచ్చావు. గాలి కొడుతుంటే ఫ్యాన్లు గిర్రున తిరగబోయాయి.

"నాయినమ్మా, రెక్కలు పట్టుకో! గట్ల తిరిగితే కరాబైతయి."

ఒక్కో ఫ్యానుకు వేలు అడ్డం పెట్టి నిలబడ్డాను. లోపలి నుంచి నల్లటి మేఘం లేచింది. వరండా అంతా సాంబ్రాణి వాసన. నువ్వు ముక్కు ఎగబీల్చి ఆగిపోయావు.

"గీ వాసనేంది?"

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. షిఫ్టు ముగించుకుని మీ నాన్న వచ్చాడు, ఎవరూ చెప్పకుండానే గేటు బయట నిలబడి చొక్కా గుండీలు విప్పుతున్నాడు. వాణ్ని అలా చూడలేకపోయాను.

"కొడుకా, అంగి తొడుక్కొని లోపటికి రా," అన్నాను. "దుమ్ము నీది గాదు. పొగ నాది."

"ఏం పొగ అవ్వా?"

చెప్పేశాను. శుక్రవారాలు, ధూపం పళ్లెం, సర్రున లోపలికి పోవడం, చేతులెత్తి మొక్కడం, నిన్న వేసిన పిడికెడు. చెబుతుంటే నువ్వు గాలి మిషను పట్టుకుని అలాగే నోరు తెరిచి నిలబడ్డావు.

"అంటే నిన్న సుత పట్టినవా? బీమారున్న దానికి?"

"బీమారున్నదనే గదా ఎక్కువ పట్టిన!"

మీ నాన్న గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "అవ్వా, నువ్వు గిర్ని మోటర్ను గూడ గిట్లనే పొగ పెట్టి సంపినవేమో!" నువ్వు ముందు కోపంగా చూశావు. తర్వాత మీ నాన్న వైపు తిరిగి, "బాపు, నిన్న జర ఎక్కువ చేసిన," అన్నావు. వాడు "ఏం కాదు తియ్యి," అని లోపలికి వచ్చి అందరికీ చాయ్ పెట్టాడు. ఆ చాయ్ తాగుతుంటే నాకు పదేళ్ల బరువు దిగింది.

అన్నీ బిగించి ఆట పెట్టాం. డెబ్బై. డెబ్బై ఒకటి. అరగంటైనా డెబ్బై ఒకటే. పచ్చ అంకె నూట నలభై ఐదు! నీ మనిషి లేడిపిల్లలా దుంకుతున్నాడు. తండా పిల్ల ఫోనులో "అక్క వచ్చింది, అక్క వచ్చింది!" అని ఈలలు. నేను వంటింట్లోకి పోయి శనగపిండి కలిపాను, మిరపకాయ బజ్జీలు వేద్దామని.

మొదటి వాయి నూనెలో ఉండగా లోపల నుంచి శబ్దం ఆగిపోయింది. అరుపు కూడా లేదు. అది ఇంకా భయం. పొయ్యి ఆర్పి వచ్చాను. తెర నల్లగా ఉంది. నువ్వు తెరనే చూస్తున్నావు.

"వేడి ఎంతుండే?"

"డెబ్బై ఒకటి."

"టప్పున ఆగిందా?"

తల ఊపావు.

"అయితే ఒక రోగం పోయిందే! ఇగ ఉన్నది ఒక్కటే."

"నాయినమ్మా, రేపు పొద్దున పదకొండింటికి మ్యాచ్!"

"పదకొండింటి దాంక శాన టైముంది. గియ్యాల గది సూద్దాం."

లోపల ర్యామ్ అనే రెండు పలకలు ఉంటాయన్నావు, వాటిలో ఏది చెడినా ఇలా ఆగుతుందట. నువ్వు రెండూ పీకి, తుడిచి, మళ్లీ రెండూ పెట్టబోయావు. నేను చేయి పట్టుకున్నాను. రెండూ ఒక్కసారే మారిస్తే ఏది దొంగో ఎలా తెలుస్తుంది? ఒకటి ఉంచి ఆడు. ఆగిందా, అది తీసి రెండోది పెట్టి ఆడు. గిర్నిలో మా పద్ధతి అదే, ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ నడిపి చూడాలి. అలాగే చేశావు. మొదటి పలకతో ఆగింది. రెండో పలకతో కూడా ఆగింది. నువ్వు నీరసపడ్డావు, నాకు మాత్రం హుషారు పెరిగింది. రెండు పలకలూ మంచివే అని తేలింది కదా!

ఆడిన ప్రతిసారీ నేను నీ పక్కనే కూర్చున్నాను. నీ చూపు శత్రువు మీద, నా చూపు పెట్టె మీద, ఎప్పుడు ఆగిపోతుందా అని. మూడోసారి ఆగిపోయినప్పుడు ఒకటి పట్టుకున్నాను. ఊరికే నడుస్తున్నప్పుడు ఆగలేదు. బాంబు పేలి తెర మొత్తం మంటలతో నిండినప్పుడు ఆగింది. అంతకుముందు కూడా అంతే. రాత్రంతా దాన్నే తలపోసి, ఈ సంగతి ఆదివారం పొద్దున పళ్లు తోముకుంటున్న నీకు చెప్పాను.

"బిడ్డా, మంటలు వచ్చినప్పుడే ఎందుకు ఆగుతది?"

నోట్లో నురగతోనే అన్నావు. "అప్పుడు గ్రాఫిక్స్ కార్డు మీద ఒక్కసారే లోడ్ పడ్తది."

"కరెంటు ఎక్కువ గుంజుతదా?"

"గుంజుతది."

"ఆ కార్డుకు కరెంటు ఏ తీగ నుంచి పోతదో సూపెట్టు."

గాజు తలుపు తీశావు. కార్డు నా మోచేయంత ఉంది. దానికి పైన రెండు నోళ్లు. రెండింట్లోనూ తీగలు దూరి ఉన్నాయి. నేను వేలు పెట్టి ఆ తీగల వెంట వెనక్కి పోయాను. జానెడు దూరంలో రెండూ కలిసిపోయి ఒక్కటే తీగ అయి కిందికి దిగింది.

"రెండు నోళ్లకు ఒక్కటే తీగనా?"

"దానికి రెండు తలకాయలు ఉంటయి నాయినమ్మా. నడుస్తది."

"నడుస్తది. లోడ్ పడ్డప్పుడు?"

తొర్రూరు గిర్నిలో పిండి మిషను పక్కన మీ తాత కారం మిషను పెట్టాడు. వేరే తీగ లాగడానికి బద్ధకించి, పిండి మిషను తీగకే అదీ కలిపాడు. విడివిడిగా నడిపితే రెండూ బాగానే ఉండేవి. ఎవరైనా ఇటు జొన్నల బస్తా, అటు మిరపకాయల సంచి ఒక్కసారే కుమ్మరించారా, గుర్రుమని రెండూ ఆగేవి. నెల రోజులు మోటారునే తిట్టాం. చివరికి వేరే తీగ లాగితే ఆ రోజుతో బంద్.

అదంతా చెప్పేసరికి నీ ముఖం ఎర్రబడింది.

"రెండు వేరే వేరే తీగలు పెట్టుమనే కార్డుతోని వచ్చిన పుస్తకంల సుత ఉండె."

"మరెందుకు పెట్టలే?"

నువ్వు గొణిగావు. "రెండు తీగలు పెడితే గాజులకెల్లి గలీజు కనబడ్తది. ఒక్కటైతే నీటుగ ఉంటది అనుకున్న."

నేను నవ్వు ఆపుకోలేదు. "నేను భక్తితోని ముక్కు మూసిన, నువ్వు అందానికి మెడ పిసికినవ్! పాపం, గిన్నొద్దులు ఎట్ల బతికిందో!"

గడియారం తొమ్మిదింబావు. మిగిలిన తీగలు సామాను కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టెలోనే భద్రంగా ఉన్నాయి, ఆ అట్టపెట్టె అటక మీద. మీ నాన్న స్టూలెక్కి దించాడు. ప్లగ్గు పీకి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి బటను ఒత్తి పట్టుకుని, రెండో తీగ తొడిగావు. చివర టిక్కుమనే దాకా నొక్కమన్నాను. టిక్కుమంది. గాజులోంచి చూస్తే రెండు తీగలు వంకరటింకరగా కనబడుతున్నాయి. నాకైతే జడల్లా ముద్దుగానే ఉన్నాయి.

పది. నీ జట్టువాళ్లు ఒక్కొక్కరూ ఫోనులోకి వస్తున్నారు. తండా పిల్ల తొర్రూరులో బస్సు దిగి నెట్ షాపుకు చేరింది. "అక్కా, ఏమైతంది? ఆడుతున్నమా లేదా?"

నువ్వు వెంటనే ఆటలోకి పోతానన్నావు. నేను ఒప్పుకోలేదు. బాగుచేసిన మిషనును నడిపి చూడకుండా గిరాకీని లోపలికి రానిస్తామా? కార్డును కావాలని సతాయించే ప్రోగ్రాం ఒకటుందన్నావు కదా, అది పెట్టమన్నాను. ముప్పై నిమిషాలు. తెరమీద ఏదో మండే గోళం తిరుగుతుంటుంది, అంతే, ఆట లేదు, మాట లేదు. మనం ముగ్గురం దాని ముందు కూర్చున్నాం. అయిదు నిమిషాలు. పది. ఫ్యాన్లు హోరుమంటున్నాయి. నేను అంకెలు చదువుతున్నాను, డెబ్బై రెండు, డెబ్బై రెండు, డెబ్బై మూడు. ఇరవై రెండో నిమిషంలో తెర ఒక్క క్షణం ఆగినట్టయింది. నువ్వు నా మోకాలు గట్టిగా పట్టుకున్నావు. గోళం మళ్లీ తిరిగింది. ముప్పై!

"పొండి, పొండి!" అని నేనే అరిచాను. పదీ నలభై ఎనిమిది.

ఆట మూడు భాగాలు, రెండు గెలిచినవాళ్లది పోటీ. నాకు చిన్న తెర ఇచ్చావు, అందులో వేడి అంకె ఒక్కటే ఉంటుంది. ఎనభై దాటితే గట్టిగా చెప్పు, లేకపోతే మాట్లాడకు అన్నావు. మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమైన పనో నీకేం తెలుసు! మీ నాన్న గుమ్మంలో నిలబడి ఇటు నీ తెర, అటు నా తెర చూస్తున్నాడు.

మొదటి భాగం ఓడిపోయారు. నువ్వు ఆట కన్నా పెట్టె మీదే మనసు పెట్టావు, నాకు తెలుస్తూనే ఉంది.

"బిడ్డా, పెట్టెను నేను సూస్కుంట. నువ్వు ఆట సూడు."

రెండో భాగం నువ్వు మారిపోయావు. తండా పిల్ల ముగ్గుర్ని పడగొట్టింది. "సూడు అక్కా! సూడు!" గెలిచారు. మూడో భాగం తాడు లాగినట్టే, ఒక రౌండు వాళ్లు, ఒక రౌండు మీరు. చివరికి సమానం. ఇంక ఒక్క రౌండే మిగిలింది. మీ వాళ్లు ముగ్గురు పోయారు. తండా పిల్ల గోడ చాటు నుంచి ఒకణ్ని కొట్టి తనూ పడిపోయింది.

"అక్కా, నువ్వొక్కదానివే ఉన్నవ్. వాళ్లు ఇద్దరు. ఎడమ దిక్కు ఉన్నరు. ఊపిరి తీస్కో."

నువ్వు మూలకు చేరావు. వాళ్లు నీ మీద మంటల బాంబు విసిరారు. తెర మొత్తం నారింజ రంగు. అదే మంట! నేను కళ్లు మూసుకున్నాను. నల్లగా అయిపోయిందనుకున్నాను. చెవిలో ఫ్యాన్ల హోరు మాత్రం ఆగలేదు. కళ్లు తెరిస్తే నీ మనిషి మంటలోంచి పరుగెత్తుకు వస్తున్నాడు, తడబడకుండా, అడుగు తగ్గకుండా. ధన్. ఒకడు. రెండోవాడు నీ వెనక్కి తిరిగాడు. నువ్వు వాడికన్నా ముందు తిరిగావు.

ధన్.

తర్వాత ఎవరు అరిచారో నాకు తెలియదు, అందరం అరిచాం. ఫోనులో తండా పిల్ల వాళ్ల భాషలో వాళ్లమ్మకు ఇంకో ఫోనులో ఏదో చెబుతోంది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఏడుస్తూ నవ్వుతోందని మాత్రం తెలిసింది. నెట్ షాపులో వాళ్లెవరో బల్లలు కొడుతున్నారు. మీ నాన్న నిన్ను చిన్నపిల్లలా లేపి పట్టుకున్నాడు. ఎదురింటాయన గేటు దగ్గరికి వచ్చి ఎవరికి ఏమైంది అని అడుగుతున్నాడు.

నువ్వు వాడి భుజం మీంచే నన్ను అడిగావు.

"నాయినమ్మా, వేడి ఎంత?"

నేను చిన్న తెర చూశాను. అరిచి అరిచి గొంతు పోయింది, చేతివేళ్లతో చూపించాను. ఏడు, నాలుగు.